ఊరి గోడ మీద హక్కుల బొమ్మ: గోదావరి డెల్టాలో మొదటి ప్రశ్న నుంచి రెండో వర్షాకాలం దాకా

ఎన్నికలు అయిపోయాక కోనసీమలో ఏ రోడ్డు మీద వెళ్ళినా గోడలు ఒకేలా ఉంటాయి. సగం సున్నం కొట్టి వదిలేసినవి, ఆ సున్నం కిందనుంచి పాత గుర్తులు తొంగిచూసేవి. బొమ్మకి ఇక్కడ ఉన్న బలం చూపించడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అసలు మన దేశంలో ఓటు మొదలైందే బొమ్మలతో. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు అంటించారు. అక్షరం రాని మనిషి గుర్తు చూసి కాగితం లోపల వేశాడు. ఓటు అడగడానికి ఇంత బాగా పనికొచ్చిన బొమ్మని, ఆ ఓటు వేసిన మనిషి హక్కులు చెప్పడానికి ఎందుకో వాడుకోం. దానికి కరపత్రం వేస్తాం. అదీ వకీలు నోటీసు భాషలో.

నేను బోర్డులు రాసే పనిలోంచి వచ్చినవాణ్ణి. స్నేహితులతో కలిసి ఇప్పటిదాకా పదకొండు గోడల మీద హక్కుల బొమ్మలు వేశాం. అందులో నాలుగు పాడయ్యాయి. రెండు చెమ్మకి, ఒకటి రంగుల గొడవకి, ఒకటి ఎవరికీ అర్థం కాక. కింద రాసినదంతా ఎక్కువగా ఆ నాలుగూ నేర్పిన పాఠమే. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడ, ఆరేడుగురు మనుషులు, మొత్తం నెల రోజులు అనుకుని చెబుతున్నాను. ఆ నెలలో బ్రష్ పట్టేది నాలుగు రోజులే.

ముందు మాటలు పోగు చేయండి

"మీకు తెలిసిన మానవ హక్కులు చెప్పండి" అని ఒకసారి డ్వాక్రా మీటింగులో అడిగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ మాత్రం "ఓటు హక్కండి" అంది, పరీక్షలో జవాబు చెప్పినట్టు. తర్వాతి వారం ప్రశ్న మార్చాను. "ఈ ఏడాది ఏ పనికి ఎక్కువసార్లు తిరిగారు? వెళ్ళిన చోట ఎవరు కూర్చోమన్నారు, ఎవరు నిలబెట్టారు?" గంటన్నరసేపు మాటలు ఆగలేదు.

కాబట్టి మొదటి వారమంతా వినడానికే. టీ కొట్టు ఒక్కటే చాలదు, అక్కడ మగవాళ్ళ మాటే వినిపిస్తుంది. రొయ్యల షెడ్డు నుంచి ఆడవాళ్ళు ఆటో దిగే చోటు, కొబ్బరికాయలు వలిచే చోటు, గోదారి మధ్య లంక ఊళ్ళకి వెళ్ళే పడవ కోసం ఎదురుచూసే రేవు, ఇవన్నీ తిరగండి. పేటలో, అంటే దళితవాడలో విడిగా, ఊళ్ళో విడిగా కూర్చోండి. రెండు చోట్లా ఒకే సంగతి ఎంత వేరుగా చెబుతారో చూస్తే మీకే తెలుస్తుంది. వాళ్ళ మాటలు వాళ్ళ నోట వచ్చినట్టే నోట్ బుక్కులో రాసుకోండి. రేపు గోడ మీద రాయబోయే వాక్యం అందులోనే దొరుకుతుంది.

డెల్టాలో మాకు మళ్ళీ మళ్ళీ వినిపించిన సంగతులు కొన్ని. గ్రామసభ ఎప్పుడు జరిగిందో తెలియదు, రిజిస్టరులో సంతకం మాత్రం ఉంది. పంట నీట మునిగితే పరిహారం పొలం యజమానికి వెళ్ళింది, కౌలు చేసిన మనిషికి రాలేదు. కుర్రాణ్ణి రాత్రి స్టేషనుకి తీసుకెళ్ళారు, ఎందుకో చెప్పలేదు. మా పొలం కింద ఏ పైపు పోతోందో మాకెవరూ చెప్పరు. ఈ చివరి మాటని తేలిగ్గా తీసుకోకండి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో "తెలుసుకునే హక్కు" అనే మాట పుస్తకంలోది కాదు.

ఇక గల్ఫ్. కోనసీమ, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళు లేని వీధి అరుదు.

వీటిలో ఒక్కటే ఎంచుకోండి. నేను మూడు చూస్తాను. ఇది మన వీధిలో జరిగేదేనా? అక్షరాలు లేకుండా మనుషుల్ని బట్టే చూపించగలమా? బొమ్మ చూసి కదిలిన మనిషి వెళ్ళి తట్టడానికి ఒక తలుపు ఉందా? మూడోది లేకపోతే ఆ విషయం వదిలేస్తాను. కోపం తెప్పించి దారి చూపించని గోడ కన్నా సున్నం గోడ నయం.

చట్టం సరిచూసుకోవడం

ఇది బోరు కొట్టే పని, కానీ దీన్ని దాటేస్తే మొత్తం పోతుంది. గోడ మీద ఒక్క తప్పు అంకె ఉంటే గిట్టనివాళ్ళకి అదే చాలు.

కొన్ని ఆధారాలు చేతిలో పెట్టుకోండి. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, వకీలుని కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగంలోని 22వ అధికరణం. అంటరానితనాన్ని రద్దు చేసింది 17వది. గ్రామసభకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సంగతైతే 48 గంటల్లో. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవాళ్ళకి ఎక్కడా రుసుము లేదు.

1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. దానికి ఫోన్ నంబరు 15100. మీ స్కెచ్ పట్టుకుని కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీ దగ్గరికి వెళ్ళి, వాక్యం సరిగ్గా ఉందో లేదో చూడమనండి. మేము వెళ్ళినప్పుడు పావుగంటలో రెండు తప్పులు పట్టుకున్నారు.

ఒక జాగ్రత్త. పథకాల డబ్బు, పని దినాల సంఖ్య, ఏజెంటు ఫీజు లాంటివి మారిపోతుంటాయి. వాటిని అసలు బొమ్మలో కలపకండి. పక్కన అడుగు వెడల్పు పట్టీ ఒకటి వదిలి అంకెలన్నీ అందులో రాయండి. మారినప్పుడు పట్టీ ఒక్కటే తిరగరాస్తే సరిపోతుంది.

గోడ ఎవరిది, ఎవరికి కనిపిస్తుంది

పంచాయతీ గోడకి పంచాయతీ దగ్గర, బడి గోడకి ప్రధానోపాధ్యాయుల దగ్గర, ఇంటి గోడకి ఇంటివాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. "మనోడే కదా, నోటిమాట చాలు" అనుకుంటే, అదే మనోడు ఎవరో బెదిరించగానే "నేనెప్పుడన్నానండి?" అంటాడు. బహిరంగ ప్రదేశాల్ని పాడుచేయకుండా 1997లో చేసిన రాష్ట్ర చట్టం ఉంది, అనుమతి కాగితం లేకపోతే మీ బొమ్మ కూడా దాని కిందకే వస్తుంది. కాగితంలో గోడ కొలత, ఎంతకాలం ఉంచుతారు, స్కెచ్ నకలు, మూడూ ఉండాలి.

ఎన్నికల తేదీలు దగ్గరలో ఉంటే ఆగండి. షెడ్యూలు ప్రకటించగానే ప్రభుత్వ ఆస్తుల మీది రాజకీయ రాతలు 24 గంటల్లో, బస్టాండు లాంటి బహిరంగ స్థలాల్లోవి 48 గంటల్లో, అనుమతి లేని ప్రైవేటు గోడల మీదివి 72 గంటల్లో తీసేయాలి. ఆ హడావిడిలో సున్నం బకెట్టు పట్టుకొచ్చిన మనిషి మీది రాజకీయమా కాదా అని చదువుతూ కూర్చోడు.

ఇక అసలు సంగతి. గోడ ఎంచుకోవడమంటే చూసేవాళ్ళని ఎంచుకోవడమే. అంటరానితనం నేరమని చెప్పే బొమ్మని చాలామంది తీసుకెళ్ళి పేటలో వేస్తారు. పేటలో వాళ్ళకి ఆ సంగతి మీరు చెప్పాలా? అది కనిపించాల్సింది ఊరి నడిబొడ్డున, దళితులకి రెండో గ్లాసు విడిగా పెట్టే టీ కొట్టు ఎదురుగా. అక్కడ గోడ దొరకదు, నిజమే. అందుకే మూడు వారాలు తిరగాల్సి వస్తుంది. మాకు ఒకచోట రిటైరైన మాస్టారు తన ప్రహరీ ఇచ్చారు. "నా గోడ మీద ఏం వేసినా ఇప్పుడు నన్నెవరు బదిలీ చేస్తార్రా" అన్నారాయన.

అదే గల్ఫ్ బొమ్మకి మెయిన్ రోడ్డు వద్దు. ఆడవాళ్ళు నీళ్ళకి, రేషన్‌కి, అంగన్‌వాడీకి వెళ్ళే దారి కావాలి.

స్కెచ్: మనిషి, పని, ప్రశ్న

మా గల్ఫ్ గోడ తయారైన తీరే చెబుతాను. మొదటి స్కెచ్‌లో ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద తల వాల్చి ఏడుస్తోంది, వెనక విమానం. చూసి అందరూ "అయ్యో" అన్నారు. మస్కట్‌లో ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చిన ఒకావిడ మాత్రం "నేనేడిస్తే మీకేంటి బాబూ లాభం? పాస్‌పోర్టు లాక్కున్నప్పుడు ఏం చెయ్యాలో ఏస్తే నాకు పనికొచ్చేది కదా" అంది. స్కెచ్ అక్కడే చింపేశాను.

రెండో స్కెచ్‌లో ఇంటి అరుగు. ఏజెంటు చెయ్యి చాచి పాస్‌పోర్టు అడుగుతున్నాడు. ఆవిడ పాస్‌పోర్టు ఎడమ చేత్తో గుండెకి హత్తుకుని, కుడి చేతి వేలు అతని కాగితం మీద ఖాళీగా ఉన్న గడి మీద పెట్టింది. పైన ఒకే వాక్యం: "లైసెన్సు నంబరేదీ?" పక్క పట్టీలో చట్టం చెప్పే సంగతులు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని పనిలో పెట్టుకున్న యజమాని తన దగ్గర ఉంచుకోవడానికి లేదు. పనికి పంపే ఏజెంటుకి 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. విజిట్ వీసా మీద పనికి వెళ్ళకూడదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి) అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి.

ఈ బొమ్మలో బాధితురాలు లేదు, ప్రశ్న వేస్తున్న మనిషి ఉంది. నేను పట్టుబట్టేది అదొక్కటే. హక్కు పోగొట్టుకున్న మనిషిని కాదు, హక్కు వాడుకుంటున్న మనిషిని గీయండి. పావురం, తెగిన సంకెళ్ళు, తక్కెడ, బిగించిన పిడికిలి, ఈ నాలుగూ మా గోడల మీద నిషేధం. అవి ఏ ఊరి గోడకైనా సరిపోతాయి, అంటే మన ఊరి గోడకి సరిపోవు.

గీసే పద్ధతికి దూరం వెళ్ళక్కర్లేదు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. పక్కనుంచి కనిపించే మొహం, పెద్ద కన్ను, చుట్టూ నల్ల గీత, లోపల చదునుగా రెండు మూడు రంగులు. యాభై అడుగుల దూరంలో నేల మీద కూర్చున్న మనిషికి కూడా తెలియాలని పుట్టిన బొమ్మలవి, గోడకి అంతకన్నా ఏం కావాలి? ఇంకో మేలు కూడా ఉంది. తోలుబొమ్మలాటలో కథ మధ్యలో వచ్చే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఎవరినైనా ఏమైనా అనొచ్చు, జనం నవ్వుతారు తప్ప గొడవకి రారు. గ్రామసభ గోడ మీద "సంతకం నాదే గానీ నేను రాలేదే!" అని ఒక మామూలు మనిషి అంటే ఫలానా ఆయన్ని అన్నారని పంచాయితీ పెడతారు. అదే బంగారక్క అంటే ప్రెసిడెంటు గారు కూడా నవ్వి ఊరుకున్నారు. అయితే ఆ కళాకారుల దగ్గర బొమ్మలు చూసి ఫోటోలు తీసుకుని వచ్చేయకండి. ఒక రోజు కూలి ఇచ్చి పిలిపించండి. వాళ్ళ చేతి గీత వేరు.

మనిషి ఒళ్ళు, చీర కట్టు, నిలబడే తీరు గీయడం రావాలంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఒక పూట చూసి రండి. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి ఈ గోదారి ఒడ్డున ఎంత పరిశీలించి గీశాడో తెలుస్తుంది.

రంగు దగ్గర మనకి తెలియకుండానే ఒక తప్పు చేస్తాం. ఆఫీసరుకి గులాబీ చాయ, కూలి మనిషికి ముదురు చాయ. మా మూడో గోడ అయిపోయేదాకా నేనూ చూసుకోలేదు. అలాగే నిజంగా ఊళ్ళో ఉన్న మనిషి మొహం వేయకండి, మంచిగా చూపించినా సరే.

చట్టపరంగా మూడు వద్దు. నాలుగు సింహాల చిహ్నం మీరు వాడకూడదు, దానికి 2005 చట్టం ఉంది. దేశపటం చేతికి వచ్చినట్టు గీయకండి, సరిహద్దు తప్పితే కేసు. జెండాని నేలకి తగిలేలా, బురద చిమ్మే ఎత్తులో వేయకండి.

రాజ్యాంగానికి బొమ్మలేంటి అని ఎవరైనా పెద్దమనిషి అంటే, రాజ్యాంగం అసలు రాతప్రతి గురించి చెప్పండి. చేత్తో రాసిన ఆ ప్రతిలో పేజీలకి నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు బొమ్మలు వేశారు.

అక్షరాలు

ఏడు మాటలు మించితే బండి మీద వెళ్ళే మనిషి చదవడు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని లెక్క. రోడ్డు అవతలి నుంచి, కదులుతున్న బండి మీద నుంచి చదవాలంటే ఆరు అంగుళాలు వేయండి. తెలుగులో వత్తులు కిందకి, గుడులు పైకి పోతాయి కాబట్టి రెండు వరసల మధ్య అక్షరం ఎత్తంత ఖాళీ వదలాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడితో గుద్దుకుంటుంది. "పౌరులు తమ హక్కులను వినియోగించుకోవలెను" లాంటి వాక్యం రాస్తే అది ప్రభుత్వ బోర్డు అయిపోతుంది. నోట్ బుక్కు తెరవండి, వాళ్ళ మాట రాయండి.

టీ కొట్టు పరీక్ష

స్కెచ్‌ని చార్టు మీద రంగులతో వేసి పదిమందికి చూపించండి. ఏమీ వివరించకుండా ఒకే ప్రశ్న: "ఇందులో ఏం జరుగుతోంది?" పదిమందిలో ఏడుగురు దగ్గరగా చెబితే ముందుకెళ్ళండి. ముగ్గురే చెబితే తప్పు వాళ్ళది కాదు.

మా మొదటి గ్రామసభ బొమ్మకి ఈ పరీక్ష పెట్టలేదు. సభలో జనం చేతులెత్తి అడుగుతున్నట్టు వేశాం. తెల్లారేసరికి ఊరంతా "హస్తం గుర్తుకి ప్రచారం" అంది. అప్పుడు అర్థమైంది, మన రాష్ట్రంలో ఇంట్లో వస్తువులన్నీ ఎవరో ఒకరి గుర్తులే. టీ కొట్టు సీనులో గాజు గ్లాసు పెట్టకండి. బడి గదిలో ఫ్యాను వద్దు. బడికి వెళ్ళే పిల్లకి సైకిల్ వద్దు. చెరువులో కమలం వద్దు, కలువ వేసినా కమలమే అంటారు. కోత సీనులో కంకీ కొడవలీ పక్కపక్కన రానివ్వకండి. చెయ్యెత్తాల్సి వస్తే అందులో కాగితం పెట్టండి, గుర్తు పోతుంది, అర్జీ అవుతుంది.

రంగులకీ ఇదే గొడవ. పంచాయతీ భవనాలకి వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో మన హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అంతదాకా వెళ్ళిన విషయం మీ గోడ దగ్గర చిన్నదవుతుందా? పసుపు ఒక్కటే పెద్దగా, నీలం ఆకుపచ్చ పక్కపక్కన, కాషాయం నేపథ్యంగా, ఎరుపు తెలుపు మాత్రమే, ఇవేవీ వద్దు. మేము జాజు ఎరుపు, మట్టి పసుపు, నలుపు, తెలుపు, కొద్దిగా నీలం వాడతాం. ఎండకి నిలిచేవి కూడా ఇవే. రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్ స్టెయినర్లు ఏళ్ళపాటు ఉంటాయి, మెరిసే గులాబీ, చిలకపచ్చ ఒక వేసవికే వెలిసిపోతాయి.

గోడని సిద్ధం చేయడం

డెల్టాలో బొమ్మని చంపేది చెమ్మ. మన భూగర్భజలం పైపైనే ఉంటుంది, తీరానికి దగ్గరైతే అందులో ఉప్పు కూడా. ఆ నీరు పునాదిలోంచి గోడలోకి ఎక్కి, ఆరినప్పుడు తెల్లగా పొంగి, రంగుని పెచ్చులుగా ఊడదీస్తుంది.

కాబట్టి ముందు పరీక్ష. అడుగున్నర పాలిథిన్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపల నీటి బొట్లు ఉంటే ఆ గోడ ఇంకా ఆరలేదు. నేలనుంచి రెండడుగుల ఎత్తులో ఒకటి, ఐదడుగుల దగ్గర ఒకటి పెట్టండి. పైది పొడిగా, కిందిది తడిగా ఉంటే భయం లేదు. కింద రెండడుగులు బొమ్మకి వాడకుండా జాజు రంగు పట్టీగా వదిలేయండి. మన పెంకుటిళ్ళ గోడలకి అడుగున జాజు పూసింది అందం కోసమే కాదు, చూరు నీళ్ళు చిమ్మినా మరక కనపడకుండా ఉండడానికి. ఏడాదికోసారి ఆ పట్టీ తిరిగి పూస్తే చాలు.

రెండూ తడిగా ఉంటే వేరే గోడ చూసుకోండి. మేము రెండుసార్లు మొండికేసి వేసి రెండుసార్లూ ఏడ్చాం.

కాలం సంక్రాంతి తర్వాత నుంచి మే దాకా. జూన్‌లో వానలు, జూలై ఆగస్టుల్లో వరద, అక్టోబరు నవంబరుల్లో తుఫాన్లు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆరాలి.

పాత సున్నం ఉంటే పూర్తిగా గీకేయండి. సున్నం మీద ఎమల్షన్ నిలవదు, సున్నంతో సహా ఊడి వస్తుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, ఉప్పుపొంగు ఉంటే పొడిగా ఉండగానే చీపురుతో ఊడ్చేయండి, నీళ్ళు కొడితే మళ్ళీ లోపలికి పోతుంది. పగుళ్ళు పూడ్చి, ఎమరీ పేపరు పట్టి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక పూత వేయండి. మన గాలిలో తేమకి ప్రైమర్ ఒక రాత్రంతా ఆరనివ్వాలి. ఇరవై బై ఎనిమిది అంటే 160 చదరపు అడుగులు. ప్రైమర్ రెండు లీటర్లు, నేపథ్యానికి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకి నాలుగు లీటర్లు, బొమ్మ రంగులు మూడు లీటర్ల దాకా పడతాయి. లోపలి గోడలకి వాడే డిస్టెంపరు చవక అని కొనకండి, మొదటి వానకే కారిపోతుంది. మా చివరి గోడకి సామాను, నిచ్చెన అద్దె, టిఫిన్లతో కలిపి 6,500 రూపాయలైంది. ఊళ్ళోనే చందాలు వేసుకున్నాం. పార్టీ మనిషి ఇస్తానన్న డబ్బు మర్యాదగా వద్దన్నాం.

బొమ్మ ఎక్కించడం

రెండు దారులున్నాయి. స్కెచ్ మీద అంగుళం గళ్ళు, గోడ మీద అడుగు గళ్ళు గీసి, గడికి గడి చూసి వేయడం ఒకటి. పొడవైన గీతలకి సుద్దపొడి పూసిన దారం ఇద్దరు పట్టుకుని లాగి వదిలితే సరళరేఖ పడుతుంది. మొహాలు, అక్షరాల లాంటివి గళ్ళతో చెడిపోతాయి. వాటిని అసలు సైజులో కాగితం మీద గీసి, గీత వెంబడి గుండుసూదితో చిల్లులు పొడిచి, గోడకి ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దండి. చుక్కలు పడతాయి, కలుపుకోవడమే. అచ్చం ముగ్గులా. మా ఊళ్ళో ఈ చుక్కలు కలపడానికి కూర్చున్న ఆడవాళ్ళు నాకన్నా గట్టి చెయ్యి.

పెద్ద చదును భాగాలు పిల్లలకి ఇవ్వండి, నల్ల గీతలు చివర్లో అనుభవం ఉన్నవాళ్ళు వేయాలి. వీధిలో వాళ్ళు ఎంతమంది బ్రష్ పడితే గోడకి అంత కాపలా. ఒక్కో మనిషి "ఆ చీర అంచు నేనేశాను" అని చెప్పుకోవాలి. పొద్దున్న ఆరు నుంచి పదిన్నర, సాయంత్రం మూడున్నర తర్వాత, అంతే. వేడెక్కిన గోడ మీద రంగు ఆరిపోయి బ్రష్ గీతలు మిగిలిపోతాయి.

పిల్లలు ఉన్నప్పుడు ఎనామిల్, థిన్నర్ వద్దు. 2016 నిబంధనల ప్రకారం రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదు, డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనండి. ఐదడుగులు దాటితే సరుగుడు కర్రలతో పరంజా కట్టించండి, ఇద్దరు కింద పట్టుకోకుండా నిచ్చెన ఎక్కనివ్వకండి. పైన కరెంటు తీగ దగ్గరగా ఉంటే లైన్‌మన్‌కి చెప్పి సరఫరా ఆపించాకే మొదలుపెట్టాలి.

గోడ నిలవని చోట

లంక ఊళ్ళలో ఏటా వరద గోడ సగం దాకా తడుపుతుంది, 1986 లాంటిది వస్తే ఇల్లే ఉండదు. అక్కడ గుడ్డ వాడండి. ఆరడుగుల ముతక నూలుగుడ్డ మీద ఎమల్షన్ పలచగా వేసి, రెండు చివరలా కర్రలు కట్టి, చుట్టి పైపులో పెడితే పడవలో ఎక్కడికైనా వెళ్తుంది. వెనక దీపం పెట్టి తోలుబొమ్మల తెరలా కూడా చూపించొచ్చు. ముగ్గుల పోటీలు మాకు అంతగా కలిసిరాలేదు. బహుమతి మీద ధ్యాస తప్ప విషయం మీద ఉండదు.

ఆవిష్కరణ రోజు

క్యాలెండరులో మంచి రోజులు చాలా ఉన్నాయి. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం. కానీ ఆ రెండూ సార్వా కోతల్లో వస్తాయి, పొలంలో ఉన్న మనిషి రాడు. జనవరి 25 ఓటర్ల దినోత్సవం బాగా కలిసొస్తుంది, పండక్కి వచ్చినవాళ్ళలో కొందరు ఇంకా ఊళ్ళోనే ఉంటారు. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం అయితే దాళ్వా కోతలు చూసుకుని పెట్టుకోండి.

వేదిక, శాలువా, దండ వద్దు. రాత్రి ఏడున్నరకి గోడ ముందు చాపలు, ఒక లైటు. వకీలు ఒకరు, రాయడం వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, కాగితాలు. బొమ్మ మీరు వివరించకండి. ముందు వరసలో ఉన్న అమ్మమ్మని "ఇదేంటమ్మా?" అని అడగండి, మిగతాది ఆవిడ చూసుకుంటుంది. గ్రామసభ గోడ దగ్గర అలా అడిగితే ఒక పెద్దావిడ బంగారక్కని చూసి, "ఇది మన రిజిస్టరు సంగతే కదరా!" అంది. ఆ రాత్రే పదకొండుమంది కలిసి పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు రాశారు, గత రెండేళ్ళ గ్రామసభ హాజరు పట్టీ నకలు ఇమ్మని. బొమ్మ దగ్గర కాగితం, కలం లేకపోయి ఉంటే అది నవ్వుగానే ఆగిపోయేది.

ఫోటోలు తీస్తారు కదా, దరఖాస్తు రాస్తున్న మనిషి మొహం అడగకుండా తీసి వాట్సాప్‌లో పెట్టకండి.

ఎవరో చెరిపేస్తే

చెరుపుతారు. లేదా దాని మీద సినిమా పోస్టరు అంటిస్తారు, పేడ కొడతారు. ఆ రాత్రే వెళ్ళి తిరిగి వేయాలనిపిస్తుంది. ఆగండి. ఫోటో తీయండి, అనుమతి కాగితం ఇచ్చినవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి, రెండు రోజులు అలాగే ఉంచండి. మాకు అలా జరిగిన చోట ఆ రెండు రోజుల్లోనే ఎక్కువమంది ఆగి చూశారు, ఏం చెరిపారో అని. తర్వాత వీధిలో వాళ్ళని పిలిచి పగలే, అందరి ముందూ తిరిగి వేశాం. బెదిరింపు దాకా వెళితే ఒంటరిగా ఉండకండి, వకీలుతో కలిసి ఫిర్యాదు ఇవ్వండి. ఇంటి గోడ ఇచ్చినవాళ్ళు భయపడి వద్దంటే మాత్రం వాదించకుండా సున్నం మనమే కొట్టి రావాలి. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళు.

మూడు నెలల తర్వాత

ఎంతమంది లైకు కొట్టారన్నది లెక్క కాదు. తర్వాతి గ్రామసభకి ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్ళు ఎందరు, ఎన్ని దరఖాస్తులు వెళ్ళాయి, ఎన్నింటికి 30 రోజుల్లో జవాబొచ్చింది, ఇవి నోట్ బుక్కులో రాసుకోండి. ఏమీ కదలకపోతే తలుపు తప్పు చూపించామేమో చూసుకోండి. మా గల్ఫ్ గోడ పట్టీలో మొదట వేసిన నంబరు పనిచేయదని నాలుగు నెలలకి తెలిసింది. ఎవరూ చెప్పలేదు, ఒక రోజు నేనే చేసి చూస్తే తెలిసింది. ఇప్పుడు నెలకోసారి గోడ మీది నంబర్లన్నిటికీ ఫోన్ చేసే పని ఇంటర్ చదివే ఒక అమ్మాయికి అప్పగించాం.

మిగిలిన రంగులు ఒక్కోటి అరలీటరు గట్టి మూత డబ్బాలో పోసి, మూత మీద రంగు పేరు, తేదీ రాసి, తలకిందులుగా పెట్టి దాచండి. మొదటి వర్షాకాలం తర్వాత అతుకులు వేయడానికి అవి కావాలి, అదే రంగు మళ్ళీ కలపడం ఎవరి వల్లా కాదు. రెండో వర్షాకాలం దాటాక బొమ్మ వెలిసిపోవడం మొదలవుతుంది. అప్పుడు దాన్నే తిరిగి వేయాలా, కొత్తది వేయాలా అన్నది మీరు తేల్చకండి. మాస్టారి ప్రహరీ దగ్గర పోయిన ఫిబ్రవరిలో చాపలు పరిచి అదే అడిగాం. అంటరానితనం బొమ్మ తీయొద్దు, ఎదురు కొట్టులో రెండో గ్లాసు ఇంకా ఉంది అన్నారు.